"తద్ధర్మం ఏ కాలం సార్?" తొమ్మిదో తరగతి అమ్మాయి ప్రశ్న

1. గుత్తి పంతులు (గుత్తి, అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. గురువారం తొమ్మిదో తరగతికి క్రియలు చెప్తున్నా. భూతం, వర్తమానం, భవిష్యత్తు అయిపోయాయి. మిగిలింది తద్ధర్మం. స్వభావాన్నీ, అలవాటునూ, ఎప్పటికీ మారని సంగతినీ చెప్పే క్రియ. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" అని బోర్డు మీద రాశా.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "సార్, కాలాలు మూడే అన్నారు కదా. మరి ఇది ఏ కాలం?"

"ఏ కాలమూ కాదమ్మా, అన్ని కాలాలకూ వర్తిస్తుంది" అన్నా.

"అట్లయితే అన్నీ ఇట్లనే చెప్పుకోవచ్చు గదా సార్? తేదీ వేసి చెప్తే సరిపోతుంది. ఇంగ ఆ మూడు కాలాలు దేనికి?"

బెల్లు కొట్టారు, బతికిపోయా. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆ పిల్ల మాటలో తప్పేమీ కనపడలేదు. "1947 ఆగస్టు 15 మనకు స్వాతంత్ర్యం వచ్చిన రోజు." ఈ వాక్యానికి సమాపక క్రియే లేదు. నిన్న చదివినా, నూరేళ్ళ తర్వాత చదివినా తప్పు కాదు. మరి "వచ్చింది", "వస్తుంది" అనడం వల్ల లోకం గురించి అదనంగా ఏం తెలుస్తోంది? కాలం నిజంగానే నడుస్తోందా, లేక మన క్రియలే దాన్ని నడిపిస్తున్నాయా?

సోమవారం ఆమెకు ఏదో ఒకటి చెప్పాలి. తెలిసినవాళ్ళు సాయం చేయండి.

2. ఊరకే చూసేవాడు (అనంతపురం)

"సిలబస్‌లో లేదు, పరీక్షకు రాదు" అనండి సార్. మా సార్లందరూ అదే అన్నారు. మేం బాగానే ఉన్నాం కదా.

3. సెకను ముల్లు (కడప)

పంతులు గారూ, నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మీ అమ్మాయి ప్రశ్నకు పక్కింటి ప్రశ్నను 1908లో మెక్‌టాగర్ట్ అనే కేంబ్రిడ్జి తత్త్వవేత్త వేశాడు. పుస్తకాల దాకా పోనక్కర్లేదు, ఈ పేజీలోనే చూపిస్తా.

మీ పోస్టు నంబరు 1. నాది 3. ఒకటి మూడుకు ముందు వస్తుంది. ఈ సంగతి ఈ రోజుకూ, పదేళ్ళ తర్వాతకూ ఒకటే. ఇప్పుడు నంబరు పక్కన చూడండి, "2 గంటల క్రితం" అని ఉంది. అది చూసిన ప్రతిసారీ మారుతుంది. రేపు "1 రోజు క్రితం" అంటుంది. కదలని నంబర్ల వరసను మెక్‌టాగర్ట్ బి వరస అన్నాడు. మారుతుండే "క్రితం, ఇప్పుడు, ఇక మీదట" వరసను ఎ వరస అన్నాడు.

తర్వాత ఆయన పేచీ మొదలైంది. నంబర్లు మాత్రమే ఉంటే ఏదీ మారదు. మార్పు లేకపోతే అది కాలమే కాదు. కాబట్టి ఎ వరస కావాలి. కానీ ఎ వరసలో ప్రతి సంఘటనకూ భవిష్యత్తు, వర్తమానం, భూతం అనే మూడు లక్షణాలూ ఉండాలి. ఆ మూడూ ఒకదానికొకటి పొసగవు. "మూడూ ఒకేసారి కాదు లేవయ్యా, ముందు భవిష్యత్తుగా ఉండింది, ఇప్పుడు వర్తమానం, తర్వాత భూతం అవుతుంది" అంటామా, "ఉండింది, అవుతుంది" అంటూ మళ్ళీ ఆ కాలాలనే తెచ్చి వాడుకున్నాం. కాలాన్ని కాలంతోనే సమర్థించాం. అందుకని కాలమే అబద్ధం అని తేల్చేశాడు. ఆ చివరి మెట్టు ఎక్కినవాళ్ళు తక్కువ. ఎ, బి పేర్లు మాత్రం ఇప్పటికీ ప్రతి వాదంలోనూ వాడుతున్నారు.

మీ అమ్మాయి బి వరస పార్టీ. నేనూ అదే.

4. బుడ్డల చేను (పత్తికొండ, కర్నూలు జిల్లా)

సెకను ముల్లు మేడమ్, నాకు చదువు తక్కువ, ఒక మాట చెప్తా వినండి.

"జూన్ 18న వాన. 20న విత్తితే బుడ్డలు (వేరుశనగ) మొలుస్తాయి. 26న విత్తితే మొలవవు." ఇవి ఆ పిల్ల చెప్పినట్టు తేదీ వేసిన వాక్యాలు, ఎప్పటికీ మారవు. ఇవన్నీ నాకు నోటికి వచ్చు అనుకోండి. అయినా ఈ రోజు 20వ తేదీ అని తెలియకపోతే నేను గొర్రు కట్టను. అరుగు మీద కూర్చునే ఉంటాను. పదును ఆరిపోతుంది, సంవత్సరం పోతుంది.

మా నాయన క్యాలెండరు చూసి విత్తినోడు కాదు. కార్తె పేరు చెప్పేవాడు గానీ చేను మీదికి పోయి మట్టి పిడికిట్లో ఉండ చేసి వదిలేవాడు. పడి పొడిగా విడిపోతే "ఇదిగో ఇప్పుడు" అనేవాడు. ఆ "ఇప్పుడు" మీ నంబర్లలో యాడుంది?

5. ఊరకే చూసేవాడు (అనంతపురం)

అన్న కొట్టాడు. మేడమ్ జవాబు కోసం ఎదురుచూస్తున్నాం. (ఎదురుచూడటం ఏ వరస?)

6. సెకను ముల్లు (కడప)

అన్నా, మంచి దెబ్బే, కానీ దీనికి జవాబుంది. మీ ఫోన్లో మ్యాపు తెరవండి. పత్తికొండ ఉంటుంది, ఆదోని ఉంటుంది, రోడ్లన్నీ ఉంటాయి. మీరెక్కడున్నారో చూపించే నీలం చుక్క లేకపోతే ఎటు తిరగాలో తెలియదు. నిజమే, ఆ చుక్క లేకుండా పని జరగదు. అయినా "ఇక్కడ" అనేది నేలకు ఉన్న ప్రత్యేక గుణం అని ఎవరూ అనరు. ఆదోనిలో ఉన్నవాళ్ళకు ఆదోనే "ఇక్కడ". మీరు పత్తికొండలో ఉన్నంత మాత్రాన ఆదోని లేకుండా పోదు. "ఇప్పుడు" కూడా అలాంటి చుక్కే అని మా పార్టీ అంటుంది. మీకు అవసరం, లోకానికి కాదు.

ఫిజిక్స్ వైపు నుంచి ఇంకో సంగతి. మీ మ్యాపులో ఆ చుక్క సరైన చోట పడాలంటే ఉపగ్రహాల్లోని గడియారాలను సవరించాలి. అవి మన గడియారాల కంటే రోజుకు దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. వేగం వల్ల 7 వెనక్కి, భూమి ఆకర్షణ అక్కడ తక్కువ కావడం వల్ల 45 ముందుకు. సవరించకపోతే రోజుకు పది కిలోమీటర్ల లెక్కన తప్పు పేరుకుపోతుంది. అంటే అందరికీ ఒకే కాలం పైనుంచి సమానంగా పారుతోందన్న న్యూటన్ బొమ్మ పనికిరాదు.

అంతకంటే చిత్రమైంది "ఒకేసారి" అనే మాట. మా కడప ఏడు రోడ్ల కూడలిలో ఇద్దరు మామూలు నడకతో ఎదురెదురుగా వచ్చి ఒకరినొకరు దాటారనుకోండి. ఒకరు ఆండ్రోమెడా నక్షత్ర మండలం ఉన్న దిక్కుకు, ఇంకొకరు దానికి సరిగ్గా వ్యతిరేక దిక్కుకు. అది సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. "ఈ క్షణాన ఆండ్రోమెడాలో ఏం జరుగుతోంది" అని ఐన్‌స్టీన్ 1905 సూత్రాలతో లెక్క వేస్తే ఇద్దరి జవాబుల మధ్య వారం పైనే తేడా వస్తుంది. కళ్ళకు కనిపించేది కాదు, కాగితం మీద లెక్క. ఒకరికి జరిగిపోయింది ఇంకొకరికి ఇంకా జరగలేదు. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఎవరి "ఇప్పుడు" అసలైనది? ఎవరిదీ కాదు, భూత భవిష్యత్తులన్నీ రోడ్ల మాదిరి పరచుకునే ఉన్నాయి అనడం తేలిక.

7. హంద్రీ గట్టు (కర్నూలు)

మేడమ్ గారూ, పరచుకునే ఉన్నాయి అన్నారే, అక్కడ నాకు గుండె ఆగింది.

2009 అక్టోబరు 2. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చాయి. మాది పాత ఊరు. కింది ఇల్లు మునిగింది, పక్కింటివాళ్ళ మిద్దె మీద పదిహేడు మందిమి రెండు రాత్రులు ఉన్నాం. కరెంటు లేదు. చీకట్లో నీళ్ళ చప్పుడు. మా అత్త మెట్ల మీద కూర్చుని, నీళ్ళు ఎన్నో మెట్టు దాకా వచ్చాయో కాలితో తడిమి చూసి చెప్పేది. మూడోరోజు పొద్దున ఒక మెట్టు బయటపడింది. అందరమూ ఒకేసారి "హమ్మయ్య" అన్నాం.

ఆ "హమ్మయ్య" దేనికి? వరద ఫలానా తేదీన తగ్గుతుంది అన్న సంగతికైతే ముందురోజు రాత్రి కూడా అనొచ్చు. మీ లెక్కలో అది ఎప్పుడూ నిజమే గదా. ఎందుకు అనలేదు? ఆ రాత్రి ఇప్పటికీ ఎక్కడో పరచుకుని ఉందంటే, మా అత్త ఇప్పటికీ చీకట్లో మెట్లు తడుముతూ ఉందా?

8. సెకను ముల్లు (కడప)

అక్కా, ఆర్థర్ ప్రయర్ అనే తర్కశాస్త్రవేత్త 1959లో సరిగ్గా ఈ వాదనే చేశాడు. పంటి నొప్పో, పరీక్షో అయిపోయాక "హమ్మయ్య, అయిపోయింది" అంటాం. "దాని ముగింపు తేదీ ఫలానా" అన్నందుకు ఎవరూ హాయిగా ఊపిరి పీల్చుకోరు. బి పార్టీ దగ్గర దీనికి జవాబులున్నాయి. ఊరట అనేది మెదడులో కష్టం తర్వాత వచ్చే స్థితి, దానికి కష్టం తర్వాత రావడమే తగిన చోటు అంటారు. తరగతిలో అయితే ఇదే చెప్పి ముగించేదాన్ని. మీ అత్తగారి మెట్ల ముందు నిలబడి చెప్పడానికి మాత్రం నోరు రావడం లేదు.

9. ఊరకే చూసేవాడు (అనంతపురం)

పంతులు గారూ, "హమ్మయ్య"కు తద్ధర్మ రూపం ఏంటి సార్?

10. గుత్తి పంతులు (గుత్తి)

అవ్యయం. దానికి ఏ రూపాలూ లేవు. (నవ్వుతూనే రాశా గానీ, ఆలోచించాల్సిన మాటే.)

11. కొనకొండ్ల పెద్దాయన (గుంతకల్లు)

పిల్లలంతా కేంబ్రిడ్జి దాకా పోయారు. నేను మా ఊరి పక్క నుంచి మొదలుపెడతా.

గుంతకల్లు దగ్గర కొనకొండ్ల ఉంది. అక్కడి రససిద్ధుల గుట్ట మీద జైన విగ్రహాలు ఇప్పటికీ ఉన్నాయి. జైన గురువు కుందకుందాచార్యుల ఊరు అదేనని సంప్రదాయం. ఆయన ప్రాకృతంలో రాసిన పంచాస్తికాయంలో జీవం, పుద్గలం (జడ పదార్థం), ధర్మం, అధర్మం, ఆకాశం అని ఐదు అస్తికాయాలు, అంటే పరచుకుని ఉండేవి. (ఇక్కడ ధర్మం అంటే కదలికకు తోడ్పడేది, పంతులు గారి తద్ధర్మం కాదు.) కాలం కూడా ద్రవ్యమే అంటూనే దాన్ని ఈ ఐదింట్లో చేర్చలేదు. దానికి కాయం లేదు, పరచుకోదు. తర్వాతి జైనులు రత్నాల రాశిని పోలిక చెప్పారు. ఒక్కో కాలాణువు ఒక్కో రత్నం, పక్కపక్కనే ఉంటాయి గానీ అతుక్కోవు. మనమంతా కాలాన్ని నది అంటాం, వాళ్ళు రాశి అన్నారు.

అదే గ్రంథంలో ఇంకో మాట. నిమిషం, కాష్ఠ, నాళి, పగలూ రాత్రీ, నెల, రుతువు, అయనం, సంవత్సరం అంటూ మనం లెక్కపెట్టే కాలం "పరాయత్తం" అన్నారు. అంటే ఇంకోదాని మీద ఆధారపడింది. రెప్ప పడితే నిమిషం, సూర్యుడు తిరిగితే పగలు. ఏదో ఒకటి కదలకపోతే లెక్క లేదు.

ఇక మేడమ్ గారు "ఇప్పుడు"ను తీసేశారు కదా. మనవాళ్ళలో కూడా ఒకాయన తీసేశాడు. గౌతముడి (బుద్ధుడు కాదు, తర్కం చెప్పిన న్యాయ దర్శనం ఆయన) న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో పూర్వపక్షి, అంటే ఎదుటి పక్షంవాడి వాదన ఇది: చెట్టు నుంచి పండు రాలుతోంది. అది దాటి వచ్చిన దూరం గడిచిన కాలానిది. ఇంకా దాటాల్సింది రాబోయే కాలానిది. మధ్యలో మూడో దూరం లేదు. కాబట్టి వర్తమానం లేదు.

వినడానికి బాగుంది కదా? సిద్ధాంతి, అంటే న్యాయం పక్షాన జవాబిచ్చేవాడి మాట ఇంకా బాగుంటుంది. కాలాన్ని తెలిపేది దూరం కాదు, క్రియ. నువ్వు చెట్టుకూ నేలకూ మధ్య జాగా కొలిచావు, "పడుతోంది" అన్నదాన్ని వదిలేశావు. పడటం ఉన్నంతసేపూ వర్తమానమే. అది లేదంటే మిగతా రెండూ నిలవవు, ఎందుకంటే గడిచిందీ రాబోయేదీ దాన్ని బట్టే చెప్తున్నావు. పైగా వర్తమానం లేకపోతే కంటితో చూడటమే కుదరదు. ఎదుట ఉన్నదాన్నే కదా కన్ను చూసేది.

బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడు దీన్ని కూడా వదల్లేదు. మూలమధ్యమక కారికల్లో 19వ ప్రకరణం మొత్తం కాలం మీదే. వర్తమాన భవిష్యత్తులు భూతాన్ని బట్టే ఉంటాయంటే అవి భూతంలోనే ఉండాల్సి వస్తుంది కదా అని నిలదీశాడు. ఒకదాన్ని బట్టి ఒకటి అంటే ఏదీ సొంతంగా నిలబడదు. నేను నైయాయికుల (న్యాయసూత్రాల వాళ్ళ) పక్షం. నాగార్జునుడి ముందు నిలబడాలంటే మాత్రం కాళ్ళు వణుకుతాయి.

12. బుడ్డల చేను (పత్తికొండ)

పెద్దాయనా, "కాలాన్ని తెలిపేది దూరం కాదు, క్రియ." దండం సామీ. మా నాయన పిడికెడు మట్టి కూడా అదే.

13. నాపరాయి (ఎర్రగుంట్ల, కడప జిల్లా)

నేను జియాలజీ చదివి క్వారీల్లో పనిచేస్తున్నా. పులివెందుల పక్క క్వార్ట్‌జైట్ రాళ్ళలో అలల ముద్రలు ఉంటాయి. లోతు తక్కువ నీళ్ళు ఇసుక మీద ఆడితే పడే గీతలు. వాటి పైనున్న తాడిపత్రి పొరల్లోకి దూరిన అగ్నిశిలల వయసు సుమారు 188 కోట్ల ఏళ్ళు. ఆ అలలు అంతకంటే పాతవి. వేలితో ముట్టుకోవచ్చు. ఒక మధ్యాహ్నం నీళ్ళు ఇలా కదిలాయి అంతే.

మేడమ్ చెప్పిన "అంతా పరచుకునే ఉంది"కీ, పెద్దాయన "ఇప్పుడే ఉంది"కీ మధ్య ఇంకో దారి ఉంది. 1923లో సి. డి. బ్రాడ్ అనే తత్త్వవేత్త చెప్పింది. గడిచింది ఉంది, ఇప్పటిదీ ఉంది, రాబోయేది లేదు. పొర మీద పొర పడుతూ లోకం పెరుగుతుంది. మా వృత్తివాళ్ళకు ఇది ఇట్టే నచ్చుతుంది.

నాకూ నచ్చింది, మూడు రోజులు. తర్వాత ఒక అనుమానం పట్టుకుంది. గడిచిన పొరలు నిజంగా ఉంటే, వాటిలోని మనుషులూ ఉన్నట్టే. వాళ్ళు కూడా "మేమే పైపొర, మాదే ఇప్పుడు" అనుకుంటూనే ఉంటారు. మరి నేను పైపొరలో ఉన్నానని నాకెలా తెలుసు? క్వారీలో అయితే తల ఎత్తితే ఆకాశం కనపడుతుంది. ఇక్కడ తల ఎత్తి చూడటానికి ఏముంది?

14. మైదుకూరు బస్సు (కడప జిల్లా)

ఇంత చర్చ జరుగుతుంటే బ్రహ్మంగారి పేరు ఎవరూ ఎత్తరేమి? బనగానపల్లె రవ్వలకొండలో పశువులు కాస్తూ కాలజ్ఞానం రాశారు, కందిమల్లాయపల్లెలో సమాధి అయ్యారు. యాగంటి బసవన్న పెరుగుతూ పోయి కలియుగాంతాన రంకె వేస్తాడన్నారు. జరగబోయేది ముందే చూశారంటే అది ముందే ఉన్నట్టే కదా? మేడమ్ గారి సిద్ధాంతం మా మఠంలో ఎప్పుడో ఉంది.

15. ఊరకే చూసేవాడు (అనంతపురం)

అన్నా, జరిగినాక "ఇది అందులో ఉంది" అని చూపించేవాళ్ళనే చూశా గానీ...

16. నిర్వాహకుడు

15వ పోస్టు వేసిన మిత్రమా, అక్కడ ఆపండి. నమ్మకం మీద తగువు వద్దు. కాలం మీద ఎంతైనా పోట్లాడుకోండి.

17. కొనకొండ్ల పెద్దాయన (గుంతకల్లు)

నమ్మకాన్ని పక్కన పెట్టినా మైదుకూరు నాయన ప్రశ్నలో పస ఉంది. గ్రీకుల అరిస్టాటిల్ కూడా దీన్నే అడిగాడు. "రేపు నౌకా యుద్ధం జరుగుతుంది" అన్న మాట ఈ రోజే నిజమైతే, రేపు జరగక తప్పదు. ఈ రోజే అబద్ధమైతే జరిగే వీలే లేదు. మరి మనం ఆలోచన చేసి ప్రయోజనమేమిటి? రేపటి సంగతులపై మాట ఇవాళే నిజమనో అబద్ధమనో తేలి ఉండనక్కర్లేదు అన్నది ఆయన జవాబుగా చాలామంది చదువుతారు.

నా మట్టుకు నేను, తెలియడం వేరు, ఉండటం వేరు అంటాను. గ్రహణాన్ని పంచాంగంలో ఏడాది ముందే వేస్తారు. అంత మాత్రాన ఆ గ్రహణం పంచాంగంలో పట్టినట్టు కాదు.

18. గుత్తి పంతులు (గుత్తి)

కాలజ్ఞానం వాక్యాలు మనం వినే తీరు గమనించారా? "పుట్టేను, జరిగేను". అన్నీ రాబోయేవి చెప్పే క్రియలే. చూసినాయన కూడా తద్ధర్మంలో చెప్పలేదు.

నిన్నటి నుంచి భాషలోనే వెతుకుతున్నా. "ముందు" అనే మాట చూడండి. "నేను ముందే చెప్పా" అంటే గడిచింది. "ముందు ముందు చూద్దాం" అంటే రాబోయేది. ఒకటే మాట, రెండు దిక్కులు. "పోయిన వారం, వచ్చే వారం" అంటే మనం నిలబడి ఉన్నాం, వారాలు నడుస్తున్నాయి. "పండక్కి దగ్గర పడ్డాం" అంటే పండగ నిలబడి ఉంది, మనం నడుస్తున్నాం. తెలుగుకు ఎవరు కదులుతున్నారో పట్టింపు లేదు.

ఇంకోటి. కొన్నాడు, విన్నాడు, తిన్నాడు, అన్నీ జరిగిపోయినవి. అదే అచ్చులో పోసిన "ఉన్నాడు" మాత్రం ఇప్పటిది. "నిన్న ఇంట్లోనే ఉన్నాడు" అనీ అంటాం, "ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు" అనీ అంటాం. మన సీమలో మాత్రం "ఉండె" అని వేరే మాట పెట్టుకున్నాం. లేనివాళ్ళ గురించి చెప్పాల్సి వస్తే అదే వాడతాం.

19. రాత్రి డ్యూటీ (కర్నూలు)

నేను నర్సును. రాత్రి పూట తీరిక దొరికినప్పుడు చదువుతున్నా.

డ్యూటీలో చేరిన కొత్తలో రిజిస్టర్లో "ఇప్పుడు నొప్పి తగ్గింది" అని రాశా. సీనియర్ సిస్టర్ తిట్టింది. "ఇప్పుడంటే ఎప్పుడు? చదివేవాళ్ళు ఎప్పుడు చదువుతారో నీకు తెలుసా? టైం వెయ్యి." అప్పటి నుంచి నా రాతలో "ఇప్పుడు" లేదు. "3:40. బీపీ 90/60. డాక్టరుకు ఫోన్." అంతే. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి మా రిజిస్టర్ చూస్తే సంతోషపడుతుంది.

కానీ మంచం మీద ఉన్నవాళ్ళు అడిగేది ఎప్పుడూ ఒకటే. "ఇంకా ఎంతసేపు సిస్టర్?" 6:00కు తెల్లారుతుంది అని చెప్తే వాళ్ళకు చాలదు. ఇప్పుడెంతయింది అని మళ్ళీ అడుగుతారు.

పోయిన ఏడాది మా అవ్వ పోయింది. ఆమె కాగితాలు నింపేటప్పుడు "సంబంధం" అన్న చోట "మనవరాలు" అని రాశా. రాశాక ఆగిపోయా. అవ్వ "ఉండె" అయిపోయింది. "నేను ఆమె మనవరాలిని" అన్నది మాత్రం అట్లనే ఉంది, దాంట్లో క్రియ లేదు కాబట్టి మార్చడానికి ఏమీ లేదు. నాకు మీ ఎ, బి తెలియవు. ఆ రోజు ఆ క్రియ లేని వాక్యం కొంచెం ధైర్యం ఇచ్చింది.

ఇంకో చిన్న ప్రశ్న. నాడిని గడియారం పెట్టి కొలుస్తాం. గడియారాన్ని దేన్ని పెట్టి కొలుస్తారు?

20. సెకను ముల్లు (కడప)

చెల్లీ, సీజియం పరమాణువును పెట్టి. 1967 నుంచి సెకను అంటే సీజియం 133 వెలువరించే ఒక రకం తరంగాలు 919,26,31,770 సార్లు ఊగే వ్యవధి. అంటే ఒక ఊపును ఇంకో ఊపుతో కొలుస్తున్నాం. పెద్దాయన చెప్పిన "పరాయత్తం" నుంచి మేం ఒక్క అడుగు కూడా బయటికి రాలేదు.

అందుకే "కాలం పారుతోంది" అంటే 1949లో స్మార్ట్ అనే తత్త్వవేత్త ఒక చిక్కు ప్రశ్న వేశాడు: ఎంత వేగంతో? బస్సు గంటకు అరవై కిలోమీటర్లు. కాలం సెకనుకు ఎన్ని సెకన్లు? ఒకటి అంటే అది వేగమే కాదు. ఇంకోటి అంటే దాన్ని కొలవడానికి రెండో కాలం కావాలి.

21. మైదుకూరు బస్సు (కడప జిల్లా)

మరి పాలు పెరుగవుతాయి గానీ పెరుగు పాలు కాదు గదా మేడమ్. అది చాలదా కాలం పోతోందనడానికి?

22. సెకను ముల్లు (కడప)

అది దిక్కు చూపిస్తుంది, నడకను కాదు. చెదరడానికి ఎన్నో దారులు, కుదురుగా ఉండటానికి కొన్నే; అందుకే లోకం ఒక వైపుకే పోతుంది అని బోల్ట్జ్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త చూపించాడు. దాన్నే ఎడింగ్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త కాలబాణం అన్నాడు. కానీ రోడ్డు మీద వన్‌వే బోర్డు ఉన్నంత మాత్రాన బండ్లు పోతున్నట్టు కాదు కదా. రెండూ వేరు ప్రశ్నలు. చాలా వ్యాసాలు వీటిని కలిపేస్తాయి, చదివితే చిరాకు వస్తుంది.

సరే, నా పార్టీకి వ్యతిరేకంగా నేనే ఒకటి చెప్తా. ఐన్‌స్టీన్ 1955లో తన స్నేహితుడు బెస్సో చనిపోతే ఆ ఇంటివాళ్ళకు రాసిన ఉత్తరంలో, భూత వర్తమాన భవిష్యత్తుల తేడా మొండిగా వదలని భ్రమ మాత్రమేనన్నాడు. అందరూ ఇది ఎత్తి చూపిస్తారు. అదే ఐన్‌స్టీన్, "ఇప్పుడు" అనే సమస్య తనను బాగా కలవరపెడుతోందనీ, మనిషికి అది ఎంతో ముఖ్యమైందనీ, ఫిజిక్స్‌లో దానికి చోటు లేకపోవడం బాధాకరమే అయినా తప్పదనీ అన్నట్టు కార్నాప్ అనే తత్త్వవేత్త రాశాడు. లెక్క రాసిన మనిషికే అది మింగుడు పడలేదు. 7వ పోస్టు తర్వాత నాకూ అంతే.

23. హంద్రీ గట్టు (కర్నూలు)

మేడమ్, 7వ పోస్టు అన్నారు, "మూడు రోజుల కిందటి పోస్టు" అనలేదు. చూశారా, బి వరస!

24. గుత్తి పంతులు (గుత్తి)

సోమవారం అయింది. చెప్తా వినండి.

జవాబు చెప్పలేదు. మీరంతా కలిసి నన్ను ఇంకా గందరగోళంలో పడేశారు. అందుకని పని ఇచ్చా. ఒకే సంగతిని కాలం లేకుండా ఒకసారి, కాలంతో ఒకసారి రాయమన్నా. చాలామంది స్వాతంత్ర్య దినం, పుట్టిన రోజు రాశారు. ఒకడు "మా బర్రె ఈనును, మా బర్రె ఈనింది" అని రాసి, పాలు ఎన్ని ఇస్తోందో కూడా చేర్చాడు.

ఆ అమ్మాయి రెండు వాక్యాలు రాసింది. వాళ్ళ నాయన బెంగళూరులో మేస్త్రీ పని.

"మా నాయన నెలకొకసారి వస్తాడు.
మా నాయన రేపు వస్తాడు."

కింద ఇలా రాసింది: "సార్, మీరు మొదటిది తద్ధర్మం అంటారు, రెండోది భవిష్యత్తు అంటారు. రెండింట్లో క్రియ ఒకటే. మొదటి దానికి నేను రైల్వే స్టేషనుకు పోను. రెండో దానికి పోతాను."

టిక్కు పెట్టి పదికి పది వేశా.

25. కొనకొండ్ల పెద్దాయన (గుంతకల్లు)

ఆ కాగితం దాచిపెట్టు నాయనా.

26. బుడ్డల చేను (పత్తికొండ)

సార్, రాత్రి ఇక్కడ మంచి వాన. గొర్రు కట్టాలి, మళ్ళీ వస్తా.

27. ఊరకే చూసేవాడు (అనంతపురం)

అన్నీ సరే గానీ సార్, ఇంతకీ వాళ్ళ నాయన వచ్చాడా?

28. గుత్తి పంతులు (గుత్తి)

వచ్చినట్టున్నాడు. మంగళవారం ఆమె బడికి రాలేదు.